చిట్టా, ఆవర్జా, మా నాయిన జీతం

1

1978లో నేను సిద్దిపేట ప్రభుత్వ కళాశాలలో బి.కాం. మొదటి సంవత్సరం చదువుతున్నాను. రోజూ కుకునూరుపల్లి నుంచి బస్సులో పోయి వచ్చేవాణ్ని. ఒక సాయంత్రం ఇంటి అరుగు మీద కూచుని గణకశాస్త్రం పాఠం పైకి చదువుతున్నాను. వ్యవహారం జరిగిన వెంటనే చిట్టాలో రాయాలి, తర్వాత ఆవర్జాలో ఎవరి ఖాతా కింద వాళ్లకు ఎత్తి రాయాలి, జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క - ఇదీ ఆనాటి పాఠం. పక్కన మా తాత పగ్గం పేనుతున్నాడు. చదువురానివాడు. ఎన్నడూ నా చదువులో జోక్యం చేసుకోనివాడు. ఆ రోజు మాత్రం చెయ్యి ఆపి అడిగాడు:

"గీ చిట్టా, గీ ఆవర్జా సావుకారు దుకాన్ల నేను సూసిన్నే గద బిడ్డా. దీనికోసం సిద్దిపేట దాంక ఎందుకు పోతున్నవ్? సరే గాని, నీ పుస్తకంల మన పేరు ఏ దిక్కు రాస్తరు?"

నేను పుస్తకం ప్రకారమే జవాబు చెప్పాను. సావుకారు పుస్తకంలో మనం రుణగ్రస్తులం, కాబట్టి ఖర్చు పక్కన రాస్తారు. ఏడాది చివర ఆస్తి అప్పుల పట్టీ తయారుచేసినప్పుడు ఆస్తుల వైపు చూపిస్తారు అన్నాను. తాత కాసేపు ఆలోచించి, "అంటె నేను ఆయన ఆస్తినన్న మాట" అన్నాడు. మళ్లీ పగ్గం అందుకున్నాడు.

ఆ మాట నన్ను నలభై ఏళ్లకు పైగా వెంటాడుతూ వచ్చింది. వాణిజ్యశాస్త్రం చదివాను, ఉస్మానియాలో ఎం.కాం. చేశాను, ఉద్యోగ విరమణ దాకా అదే పాఠం చెప్పాను. మన విశ్వవిద్యాలయాల చరిత్ర రాసేవాళ్లు సాహిత్య శాఖల గురించి, విద్యార్థి ఉద్యమాల గురించి రాశారు. వాణిజ్య విద్య గురించి సాహిత్య పత్రికల్లో ఎవరూ రాయరు. గుమాస్తాల చదువులో ఏం చరిత్ర ఉంటుందని మన అభిప్రాయం కాబోలు. నా అనుభవం వేరు. తెలంగాణ పల్లెలో బాకీపడ్డవాడి కొడుకు, బాకీ ఇచ్చినవాడి లిపి నేర్చుకున్న చోటు అది. ఆ నేర్చుకోవడం ఎలా సాధ్యమయింది, ఎక్కడ ఆగిపోయింది అనేదే ఈ వ్యాసం.

2

మొదట ఆ లిపి ఎక్కడిదో చూద్దాం. జంటపద్దు విధానాన్ని అచ్చులో మొదటిసారి వివరించింది లూకా పాచోలి. ఆయన ఇటలీ దేశపు సన్యాసి, గణితవేత్త. ఆయన గ్రంథం 1494లో వెనిస్‌లో అచ్చయింది. పద్ధతిని ఆయన కనిపెట్టలేదు. అప్పటికే ఇటలీ వర్తకులు వాడుతున్నదాన్ని క్రమంలో పెట్టాడు. ప్రతి వ్యవహారానికీ రెండు ముఖాలుంటాయి, ఒకరు పుచ్చుకుంటే ఇంకొకరు ఇచ్చినట్టే - ఇదే దాని సారాంశం. మన దేశంలో ఈ విద్యకు ప్రత్యేకంగా కళాశాల వెలిసింది బొంబాయిలో, 1913లో: సిడెన్‌హామ్ కళాశాల. రేవులూ మిల్లులూ బ్యాంకులూ ఉన్న నగరం కాబట్టి లెక్కలు రాసే చదువుకున్నవాళ్లు కావలసి వచ్చారు. అంటే ఈ విద్య పుట్టుకలోనే యజమాని అవసరం ఉంది. ఇది నింద కాదు, చారిత్రక వాస్తవం.

హైదరాబాదు సంస్థానంలో పరిస్థితి వేరు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది, 1919లో తరగతులు మొదలయ్యాయి. దేశభాష ఒకటి ఉన్నత విద్యకు మాధ్యమం కావడం గొప్ప ప్రయోగమే. అందుకోసం 1917లోనే అనువాద సంస్థ పెట్టి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. అయితే ఆ సంస్థానంలో సగానికి దగ్గరగా ఉన్నది తెలుగువాళ్లు. వాళ్లకు ఇంగ్లీషు ఎంత దూరమో, ఉన్నత విద్య స్థాయి ఉర్దూ కూడా దాదాపు అంతే దూరం. 1938 వందేమాతరం ఉద్యమంలో విద్యార్థులు బహిష్కరణకు గురై సంస్థానం బయట చదువుకోవలసి వచ్చింది. ఆ తరంవాడే అయిన పి.వి. నరసింహారావు తర్వాత 1968లో తెలుగు అకాడమీకి తొలి అధ్యక్షుడు కావడం చరిత్రలో గమనించదగ్గ మలుపు.

ఇక్కడ భాషా విద్యార్థులు ఒక విషయం చూడాలి. ఉర్దూ చదువు మా ఊరికి రాలేదు గాని, లెక్కల మాటలు ఎప్పుడో వచ్చి కూచున్నాయి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఆవర్జా, అనామతు - ఇవన్నీ అరబ్బీ పారసీల నుంచి రెవెన్యూ కచేరీ ద్వారా, వర్తకుల ద్వారా తెలుగులో కలిసిపోయినవి. ఒక్క అక్షరం రాని మా తాతకు వీటిలో తెలియని మాట లేదు. చదువుకున్నవాళ్ల పదజాలాన్ని నిరక్షరాస్యుడు ఇంత పూర్తిగా ఎరిగి ఉన్న రంగం మరొకటి లేదు. కారణం స్పష్టం. ఆ మాటలు ఆయన మీద పనిచేశాయి. మాట తెలుసు, అది రాసిన కాగితం చదవడం తెలియదు. అజ్ఞానమంటే ఏమీ తెలియకపోవడమని మనం అనుకుంటాం. పల్లెలో అజ్ఞానం ఈ విధంగా ఉండేది: తనను కట్టేసిన ముడి పేరు తెలుసు, ముడి మాత్రం చేతికందదు.

3

ఇప్పుడు ఆ కాగితంలోకి పోదాం. మా ప్రాంతంలో ధాన్యం అప్పును నాగు అంటారు. విత్తనాల కాలంలో తెచ్చుకుని పంట మీద ఇవ్వాలి. మా ఇంట్లో తెలిసిన లెక్క, రెండు కుంచాలకు మూడు కుంచాలు. సగం వడ్డీ అని అందరికీ తెలుసు. అయితే అది ఆరు నెలలకు సగం, కాబట్టి ఏడాదికి నూటికి నూరు. ఇది కూడా పూర్తి లెక్క కాదు. కొన్నిసార్లు ఇచ్చేటప్పుడు ధాన్యాన్ని రూపాయల్లోకి మార్చి రాసేవాళ్లని తాత చెప్పేవాడు. ఉదాహరణకు, విత్తే కాలంలో కుంచం ధర 3 రూపాయలనుకుందాం. రెండు కుంచాలు 6 రూపాయలు. సగం వడ్డీ కలిపి 9. పంట వచ్చేసరికి ధర పడిపోయి కుంచం 2 రూపాయలయిందనుకుందాం. 9 రూపాయలకు నాలుగున్నర కుంచాలు కొలవాలి. రెండు తెచ్చి నాలుగున్నర ఇచ్చినట్టు. పుస్తకంలో మాత్రం సగం వడ్డీయే ఉంటుంది. అబద్ధం ఒక్కటీ రాయకుండానే అన్యాయం జరిగిపోతుంది.

రెండో సంగతి నాణెం. నిజాం కాలంలో హాలీ రూపాయి, బ్రిటిషిండియా కల్దార్ రూపాయి రెండూ చెలామణిలో ఉండేవి. 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలతో సమానం. హాలీలో 100 తెచ్చుకున్నవాడి బాకీని "రూపాయలు 100" అని మాత్రమే రాసి, తర్వాత కల్దార్‌లో వసూలు చేస్తే, నూటికి పదహారు రూపాయల పైచిలుకు ఏ వడ్డీ పద్దులోకీ రాకుండా వచ్చిపడుతుంది. తాత ఇది పేరు పెట్టి చెప్పలేకపోయాడు. "రూపాయి మారింది గాని మా బాకి మారలె" అనేవాడు. మారకపు లాభం అనే మాట నాకు ఎం.కాం.లో తెలిసింది.

విశ్వవిద్యాలయ మేధావులకు ఈ పల్లె తెలియదని అనలేం. అర్థశాస్త్రవేత్త ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో హైదరాబాదు రాష్ట్రపు పల్లెల్లో ఆర్థిక పరిశీలన జరిపాడు, 1949-51లో మళ్లీ జరిపాడు. రైతుల అప్పులు, భూముల చేతులు మారడం ఆయన నివేదికల్లో ఉన్నాయి. దేశవ్యాప్తంగా రిజర్వు బ్యాంకు 1951-52లో జరిపించిన గ్రామీణ రుణ సర్వే 75 జిల్లాల్లో 600 గ్రామాలను చూసింది. రైతు తీసుకున్న ప్రతి 100 రూపాయల అప్పులో వృత్తి వడ్డీవ్యాపారులది 44.8, వ్యవసాయం చేస్తూ వడ్డీకిచ్చేవాళ్లది 24.9, సహకార సంఘాలది 3.1, వాణిజ్య బ్యాంకులది 0.9. అంటే బ్యాంకింగు అనే పాఠ్యాంశం పల్లె అప్పులో ఒక్క శాతం కూడా కాదు. మిగతాదానికి పాఠమే లేదు.

ఈ జ్ఞానం అర్థశాస్త్ర నివేదికల్లో నిలిచిపోయింది. వాణిజ్యశాస్త్రం బల్ల మీదికి రాలేదు. రెండు శాఖల మధ్య ఉన్న గోడ గాదు, రెండు ప్రశ్నల మధ్య ఉన్న గోడ అది. దేశంలో అప్పు ఎంత ఉందని అర్థశాస్త్రం అడిగింది. ఆ అప్పును పుస్తకంలో ఎలా రాస్తే తీరదు అనే ప్రశ్న వాణిజ్యశాస్త్రం అడగవలసింది. అడగలేదు. దాన్ని అడిగినవాళ్లు 1946-51 మధ్య తెలంగాణ పోరాటంలో ప్రజలు. దొరల ఇళ్లలోని అప్పు పత్రాలు తగలబెట్టడం ఆ పోరాటంలో ఒక భాగం. చరిత్రకారులు దాన్ని ఆగ్రహంగా చూశారు. గణకశాస్త్రం దృష్టితో చూస్తే అది ఖాతా రద్దు. చదవరాని కాగితాన్ని ఎదుర్కోవడానికి చదువు లేనివాళ్లకు మిగిలిన ఒకే మార్గం.

4

కాగితం చదివే మార్గం మాకు ఎట్లా తెరుచుకుంది? రెండు మార్పుల వల్ల. ఒకటి భాష, రెండు దూరం.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయికి తెలుగు పుస్తకాలు తయారు చేయించింది. జర్నల్‌కు చిట్టా, లెడ్జర్‌కు ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్సుకు అంకణా, సస్పెన్స్ ఖాతాకు అనామతు ఖాతా స్థిరపడ్డాయి. భౌతికశాస్త్రంలో తెలుగు పరిభాష కృతకంగా ఉందని విద్యార్థులు నవ్వుకున్న రోజుల్లోనే వాణిజ్యశాస్త్రం పరిభాష నేరుగా ఊళ్లోంచి వచ్చినట్టుండేది. అందుకే తాత గుర్తుపట్టాడు. పరిభాష నిర్మాతలు ప్రజల వాడుక నుంచి మాటలు తీసుకోవాలని మనం వాదిస్తాం. ఆ వాదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు. అయితే ఏ ప్రజల వాడుక అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ఇవి కచేరీలో, దుకాణంలో పుట్టిన మాటలు. జీతగాడి మాటలు కొన్ని ఉన్నాయి - నాగు, వెట్టి, జీతం, పైరూకలు. అవి పరిభాషలోకి ఎక్కలేదు.

రెండోది దూరం. పెద్ద విశ్వవిద్యాలయాలు నగరం దాటి కేంద్రాలు పెట్టడం 1960ల చివర మొదలయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు గుంటూరు కేంద్రం, ఉస్మానియా వరంగల్ కేంద్రం 1976లో నాగార్జున, కాకతీయ విశ్వవిద్యాలయాలయ్యాయి. శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయపు అనంతపురం కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమయింది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లకు ఆ వంతు 2007, 2008ల్లో వచ్చింది. సిద్దిపేట పి.జి. కళాశాల ఉస్మానియా కిందనే నిలిచింది. 1982లో హైదరాబాదు కేంద్రంగా దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది; 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. పదో తరగతి కూడా పూర్తికాని పెద్దలు అర్హత పరీక్ష రాసి బి.కాం.లో చేరడం, ఆదివారాలు అధ్యయన కేంద్రాల్లో పాఠాలు వినడం అప్పటినుంచే.

వాణిజ్యశాస్త్రానికి ఈ కేంద్రాల్లో చోటు దొరకడానికి కారణం లేకపోలేదు. దానికి ప్రయోగశాల అక్కరలేదు. నల్లబల్ల, గీతల పుస్తకం, పాఠం చెప్పేవాడు ఉంటే చాలు. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి, 1975 తర్వాత గ్రామీణ బ్యాంకులు వచ్చాయి. గుమాస్తా ఉద్యోగమనే ఆశ పల్లెటూరి పిల్లలను ఈ తరగతి గదుల్లోకి తెచ్చింది. నా బెంచీ మీద నేతపనివాళ్ల కొడుకు, బీడీలు చుట్టే తల్లి కొడుకు, కల్లుగీసే ఇంటి కొడుకు ఉన్నారు. ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కించదగ్గంతే.

అయితే విశ్వవిద్యాలయం దగ్గరకు వచ్చిందన్న మాటలో ఒక మెలిక ఉంది. డిగ్రీలో తెలుగు, పి.జి.లో ఇంగ్లీషు. సిద్దిపేటలో చిట్టా అయినది హైదరాబాదులో జర్నల్ అయింది. మూడేళ్లు ధైర్యంగా మాట్లాడినవాణ్ని, మొదటి ఏడాదంతా ఆ తరగతిలో నోరు తెరవలేదు. నేను చదివిన ఒకానొక చోట గ్రంథాలయంలో పుస్తకాలు బీరువాలోనే ఉండేవి. తాళంచెవి ఉన్నవాడు సెలవులో ఉండేవాడు. శాఖా కేంద్రమంటే ప్రధాన ఆవరణ మిగుల్చుకున్నది పంచే చోటు అనే భావం అధ్యాపకుల్లోనే ఉండేది. దూరం తగ్గింది గాని తేడా తగ్గలేదు.

దీనికంటె ముఖ్యమైన లోపం పాఠ్యాంశంలో ఉంది. సొంత వ్యాపారి లెక్కలు, భాగస్వామ్య లెక్కలు, కంపెనీ లెక్కలు - ఇదీ క్రమం. మూడేళ్లూ మేము కూచున్నది యజమాని కుర్చీలో. వర్తక ఖాతాలో ఎడమ పక్కన సరుకు, రవాణా, కూలి ఒకదాని కింద ఒకటి రాశాం. కూలి అంటే తగ్గించుకోవలసిన ఖర్చు. ఆ గదిలో కూచున్న అందరి ఇళ్లూ ఆ ఒక్క గీత మీద బతుకుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, ఒక రోజు దాకా.

5

ఆ రోజు చక్రవడ్డీ లెక్కలు చేసుకుంటున్నాను. పుస్తకంలోని అంకెలు విసుగనిపించి మా ఇంటి అంకెలు వేసుకున్నాను. 1955 ప్రాంతంలో మా నాయిన పెళ్లికి తాత ఒక ఆసామి దగ్గర 300 రూపాయలు తెచ్చాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. బదులుగా నాయిన ఆ ఇంట్లో జీతానికి కుదిరాడు. తిండి కాక ఏడాదికి 120 రూపాయలు. అందులో 60 ఇంటికిస్తారు, 60 బాకీ కింద జమ చేసుకుంటారు. ప్రతి ఉగాదికీ లెక్క చూస్తారు. ఇదంతా ఇంట్లో అందరికీ నోటికి తెలిసిన సంగతే.

300 మీద ఏడాది వడ్డీ 72. జమ అయింది 60. కాబట్టి మొదటి ఉగాదికి బాకీ 312. రెండో ఉగాదికి సుమారు 327. మూడో ఉగాదికి 345. పెన్సిలు పట్టుకుని పదో ఉగాది దాకా పోయాను. 680 దగ్గర తేలింది. పదేళ్లలో నాయిన 600 కట్టాడు; 300 బాకీ 680 అయింది. ఎవరూ దొంగలెక్క రాయనక్కరలేదు. వడ్డీ కంటె జమ తక్కువగా ఉండేట్టు జీతాన్ని నిర్ణయిస్తే చాలు, మిగతాది అంకగణితం చూసుకుంటుంది.

ఇంకొకటి కూడా చేశాను. జీతం 120 కాకుండా 140 అయితే? ఇంటికి వచ్చే 60 అట్లాగే ఉంచి, బాకీకి 80 జమ వేశాను. పదకొండో ఏట బాకీ తీరిపోయింది. ఏడాదికి 20 రూపాయల తేడా. నెలకు రెండు రూపాయలు కూడా కాదు. ఒక మనిషి యౌవనమంతా ఆ 20 రూపాయల మీద ఆగింది.

తాతకు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, "ఈ లెక్క మీ నాయినకు చెప్పకు" అన్నాడు. తెచ్చినవాడు ఆయన, కుదిర్చినవాడు ఆయన. నేను చెప్పలేదు. మా నాయిన తన తలరాత అనుకునే బతికాడు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఆసామి భూములమ్ముకుని పట్నం చేరినప్పుడు బాకీ మాట ఇక ఎవరూ ఎత్తలేదు. అట్లా విడుదలయ్యాడు.

అప్పటికి చట్టం కూడా వచ్చింది. 1975లో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వెట్టిచాకిరీ రద్దయింది. ఆ చట్టం నిర్వచనంలో దేశంలోని వెట్టి పద్ధతుల స్థానిక పేర్లన్నీ వరసగా ఇచ్చారు. వాటిలో జీతం, పాలేరు, భగేలా, వెట్టి ఉన్నాయి. పాఠ్యపుస్తకంలోకి ఎక్కని మా మాటలు చట్టం పుస్తకంలోకి ఎక్కాయి. నిజాం ప్రభుత్వం 1930లలోనే భగేలా ఒప్పందాల మీద నిబంధన చేసింది. అయినా పద్ధతి పోలేదు. ఒప్పందాన్ని చట్టం ఆపగలదు, లెక్క తెలియనివాడి దగ్గర లెక్క రాసేవాడికి ఉండే బలాన్ని ఆపలేదు.

6

ఇదంతా గడిచిపోయిన కథ, సొంత గొడవ అని ఎవరైనా అనవచ్చు. అందుకే మరో రెండు లెక్కలు గుర్తుచేస్తాను.

1969లో తెలంగాణ విద్యార్థులు రోడ్డెక్కిన కారణాల్లో ఉద్యోగాలతో పాటు మిగులు నిధులు ఉన్నాయి. 1956 పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం తెలంగాణ ఆదాయంలో మిగులు తెలంగాణలోనే ఖర్చు కావాలి. ఆ మిగులు ఎంత? కుమార్ లలిత్ కమిటీ 34.10 కోట్లంది. తర్వాత వేసిన జస్టిస్ భార్గవ కమిటీ 28.34 కోట్లంది. ఒకే ఖజానా, రెండు జవాబులు. ఏ ఖర్చును ఏ ప్రాంతం కింద రాయాలి, ఉమ్మడి ఖర్చును ఏ నిష్పత్తిలో పంచాలి అనే నిర్ణయాల్లోనే తేడా పుడుతుంది. లెక్క అనేది వాదన అని ఇంతకంటె స్పష్టంగా చెప్పే పాఠం ఏముంటుంది? ఆ ఉద్యమంలో చదువులు పోగొట్టుకున్నవాళ్ల తమ్ముళ్లం మేము. మా మూడేళ్ల పాఠాల్లో ఆ రెండు అంకెలు ఒక్కసారి కూడా రాలేదు.

రెండోది మా ఊరి పక్కది. కుకునూరుపల్లి 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉంది, 2022లో మండల కేంద్రం అయింది. అంతకుముందు మేమంతా కొండపాక మండలం. ఆ మండలంలోని ఎర్రవల్లి, సింగారం, పక్కన వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మల్లన్నసాగర్ కింద పోయాయి. 50 టి.ఎం.సి.ల జలాశయం, 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. నీళ్లు కావలసినవే, కాదనను. నేను చూసింది పద్దు. ప్రాజెక్టుల కోసం భూమిని యజమాని దగ్గర నేరుగా కొనడానికి 2015లో జీవో 123 వచ్చింది. అందులో భూమికి ధర ఉంది, యజమాని పేరు ఉంది. ఆ భూమి మీద కూలి చేసుకుని బతికేవాడి పేరు లేదు. 2013 కేంద్ర చట్టమయితే కూలీలను, కౌలుదార్లను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. ఉమ్మడి మెదక్ జిల్లా వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టులో ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. ప్రభుత్వం అప్పీలు చేసింది, కూలీల కోసం వేరే ఉత్తర్వులూ తేవలసి వచ్చింది. మా తాత అడిగిన ప్రశ్నే ఇది: నీ పుస్తకంలో మన పేరు ఏ దిక్కు రాస్తరు? ఈసారి మాత్రం ఏ దిక్కూ రాయలేదని కనిపెట్టి అడిగినవాళ్లున్నారు. బాకీపడ్డవాడు కాగితం చదవడం మొదలుపెడితే జరిగేది ఇదే.

సాహిత్యకారులతో నాకున్న పేచీ ఇక్కడే. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' మనకు గడీని చూపించాయి, వెట్టిని చూపించాయి. వాటి రుణం పెద్దది. కాని ఆ దారిలో తర్వాత వచ్చిన మన కథల్లో దొర కొరడా కనిపించినంతగా దొర పుస్తకం కనిపించదు. సావుకారు కళ్లజోడు, బొర్ర, నవ్వు వర్ణిస్తాం. అతని ఆవర్జాలో ఒక్క పుట తెరిచి చూపం. దాంతో పీడన అంటే చెడ్డ మనుషుల దుర్మార్గమనే అభిప్రాయం పాఠకుడిలో మిగిలిపోతుంది. మా నాయిన యజమాని చెడ్డవాడని మా ఇంట్లో ఎవరూ అనలేదు. పండక్కి బట్టలు పెట్టేవాడు, జబ్బు చేస్తే మందిప్పించేవాడు. అతని మంచితనం వల్ల ఆ 300 ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. బాల్జాక్ 1837లో 'సేజార్ బిరొతో' నవలలో ఒక అత్తర్ల వ్యాపారి దివాలా తీయడాన్ని నోట్లు, వాయిదాలు, లెక్కలతో సహా రాశాడు. నవల నీరసపడలేదు, ఆ అంకెల్లోనే మనిషి గుండె కొట్టుకుంటుంది. నాగు లెక్కను, చిట్‌ఫండు లెక్కను, పొదుపు సంఘం అప్పు లెక్కను ఆ విధంగా రాసిన తెలుగు కథలు మనకు మరెన్నో కావాలి.

అట్లాగే వాణిజ్యం చెప్పే మిత్రులకు కూడా ఒక మాట. ఇవాళ డిగ్రీ కళాశాలల్లో బి.కాం.కు గిరాకీ పెరిగింది. కంప్యూటరు మీద పద్దులు వేయడం నేర్పుతున్నారు, మంచిదే. మొదటి ఏడాది విద్యార్థికి ఒక్క అభ్యాసం ఇవ్వండి: ఇంట్లో ఉన్న ఒక అప్పు తీసుకుని, దాన్ని ఇచ్చినవాడి పుస్తకంలోనూ, తెచ్చినవాడి పుస్తకంలోనూ రాయమనండి. ప్రతి వ్యవహారానికీ రెండు ముఖాలుంటాయని 1494 నుంచి చెబుతున్న శాస్త్రం, రెండో ముఖాన్ని తన విద్యార్థులకు చూపించడం న్యాయమే గదా.

మా తమ్ముడి బిడ్డ సిద్దిపేటలోనే ఉస్మానియా పి.జి. కళాశాలలో ఎం.కాం. చదివింది. మా ఇంట్లో హైదరాబాదు పోకుండా ఆ చదువు చదివిన మొదటి మనిషి. పోయిన ఏడు ఒక రోజు ఆ అమ్మాయికి నాయిన జీతం కథ చెప్పాను. కంప్యూటరులో గడులు గీసి, 300, 24, 60 వేసింది. వరస కిందికి దిగుతున్నకొద్దీ అంకె పెరిగింది. తర్వాత 60 తుడిచి 80 వేసింది. పదకొండో గడిలో బాకీ పోయింది. నాకు పెన్సిలుతో ఒక పూట పట్టిన పని ఆమెకు అరనిమిషం పట్టలేదు.

"పెదనాయినా, ఈ లెక్క తాతకు తెలుసా?" అని అడిగింది.

తెలియదన్నాను. చెప్పనిచ్చినవాడూ, చెప్పవలసినవాడూ ఇద్దరూ లేరు. అందుకే ఇక్కడ రాశాను.